చాయ్ తాగొస్తం, జెర ఆగుండ్రి

మా నాయిన వార్డు మెంబరుగా ఉన్న ఐదేళ్లలో నేను చూసిన పంచాయతీ మీటింగ్ ఒక్కటే. అది కూడా ఆ రోజు ఆఫీసులో ఫ్యాను తిరగక, నాకు కరెంటు పని కాస్త తెలుసని వెంటబెట్టుకుని వెళ్లాడు కాబట్టి. దేవరకొండ దగ్గర ఊరు మాది. పేరు రాయను, ఇది చదివేవాళ్లలో మా ఊరివాళ్లు నలుగురైనా ఉంటారు, అందులో ఇద్దరికి నామీద ఇప్పటికే కోపం.

నేను స్టూలెక్కి ఫ్యాను కెపాసిటర్ మారుస్తున్నాను. కింద సీసీ రోడ్డు పంచాయితీ నడుస్తోంది. వచ్చిన పైసలు ఒక్క వాడకే సరిపోతాయి, అది మా వాడకా, చెరువుకట్ట వాడకా అని. ఆ రోజు లెక్క చూస్తే సర్పంచ్ వైపు ఒకరు ఎక్కువున్నారు, చేతులెత్తితే మావాళ్లు ఓడిపోవడం ఖాయం. కార్యదర్శి రిజిస్టర్ తెరిచి పాత తీర్మానాలు చదవడం మొదలుపెట్టాడు. అప్పుడు మా నాయిన లేచి, భుజం మీది తువ్వాల దులుపుకుని, ఎంతో మర్యాదగా, “సర్పంచ్ సాబ్, చాయ్ తాగొస్తం, జెర ఆగుండ్రి” అన్నాడు. ఆయన వెనకే ఇంకో ముగ్గురు లేచారు. హోటల్ రోడ్డుకు అవతలే. చాయ్ తాగారు, మిర్చీలు వేయించుకున్నారు, ఒకాయనైతే అక్కణ్నుంచే బస్సెక్కి ఎరువుల దుకాణానికని దేవరకొండ పోయాడు. లోపల సర్పంచ్ గోడ గడియారాన్ని చూస్తున్నాడు, నేను స్టూలు మీద నుంచి సర్పంచ్‌ను చూస్తున్నాను. ముప్పావుగంట ఆగి కార్యదర్శి తలకాయలు లెక్కపెట్టుకుని, ‘కోరం లేనందున సమావేశం వాయిదా వేయడమైనది’ అని రాసి రిజిస్టర్ మూసేశాడు.

ఇట్లా మూడుసార్లు జరిగింది. ఒకసారి చాయ్, ఒకసారి ఎవరిదో దశదినకర్మ, మూడోసారి ఏ సాకూ చెప్పకుండానే మావాళ్లు రాలేదు. మార్చి వచ్చింది, పైసలు వాపసు పోయాయి. ఆ వానాకాలం రెండు వాడల్లోనూ పిక్కల లోతు బురద. అయినా మా నాయిన దాన్ని గెలుపు కిందే లెక్కేసుకున్నాడు. “ఆళ్లకు రాలే గద” అనేవాడు ఎవరడిగినా.

పేపర్లో ‘గందరగోళం మధ్య సభ రేపటికి వాయిదా’ అన్న హెడ్డింగు చూసినప్పుడల్లా నాకు ఆ మిర్చీల వాసన వస్తుంది. పోడియం చుట్టుముట్టడం, వాయిదా తీర్మానం, సెలెక్ట్ కమిటీకి పంపడం, గవర్నర్ దగ్గర పెండింగ్, స్పీకర్ పరిశీలనలో ఉంది... ఇవన్నీ కాస్త ఇస్త్రీ బట్టలు వేసుకున్న చాయ్ బ్రేకులే అని నా గట్టి నమ్మకం. కాకపోతే అన్నీ ఒకటి కావు. ఏది ఎట్లాంటిదో ఈ రెండేళ్లలో మా బావ పుణ్యమా అని నాకు బాగా అర్థమైంది.

మా బావ సెంట్రింగ్ మేస్త్రీ. సర్పంచ్ కావాలని ఆయనకు పదిహేనేళ్ల కోరిక. 2019 జనవరిలో గెలిచిన సర్పంచుల పదవీకాలం 2024 జనవరి ఆఖరుకు అయిపోయింది కాబట్టి ఆ సంక్రాంతి నుంచే ఆయన తెల్లచొక్కా వేయడం మొదలుపెట్టాడు. ఎన్నికలు ఎప్పుడొచ్చాయో మీకు తెలుసు, 2025 డిసెంబర్‌లో. 11, 14, 17 తేదీల్లో మూడు విడతలు. మధ్యలో 22 నెలలకు పైగా రాష్ట్రంలో 12,700కు పైగా పంచాయతీలు సర్పంచ్ లేకుండా స్పెషలాఫీసర్ల చేతిలో నడిచాయి. నడిచాయి అనడం మర్యాదకు. మా ఊరికి వేసిన ఆఫీసరు సారుకు తన అసలు ఉద్యోగం ఒకటుంది, మా ఊరు కాక ఇంకో ఊరుంది, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, వారానికి ఒకసారి వచ్చి సంతకాలు పెట్టి పోయేవాడు. బస్టాండు దగ్గర లైటు పోతే నాలుగు వారాలు చీకటి. చెత్త ట్రాక్టర్‌కు డీజిల్ కార్యదర్శి తన జేబులోంచి పోయించి, ఆ చీటీలు రబ్బరు బ్యాండ్ వేసి దాచుకునేవాడు, నాకు చూపించాడు కూడా, చీటీల మీద రాతలు వెలిసిపోయి సగం కనబడటం లేదు. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం నుంచి రావాల్సిన ఆర్థిక సంఘం నిధులూ ఆగిపోయాయి.

ఇక్కడే అసలు సంగతి. ఈ ఆలస్యం ఎవరు చేశారు? అడిగి చూడండి. ఎవరూ చేయలేదు!

2025 మార్చి 17న అసెంబ్లీ బీసీలకు 42 శాతం రిజర్వేషన్ బిల్లులు పాస్ చేసింది, ఒకటి చదువులకు, ఉద్యోగాలకు, ఇంకొకటి స్థానిక సంస్థలకు. సభలో ఏ పార్టీ వద్దనలేదు. కాంగ్రెస్ సరే, బీఆర్ఎస్ సరే, బీజేపీ సరే, సీపీఐ సరే. మా బావ ఆ రాత్రి ఫోన్ చేసి “అందరు ఔనన్నరు, ఇంక అయిపోయినట్టే” అన్నాడు. నేను అప్పుడే అనుమానపడాల్సింది. మా ఊళ్లో అందరూ ఔనన్న పని ఇప్పటిదాకా ఒక్కటి కాలేదు. గవర్నర్ దగ్గరికి పోయింది, ఆయన రాష్ట్రపతికి పంపారు, అక్కడ ఆగింది. జూలైలో రాష్ట్ర ప్రభుత్వం పంచాయతీరాజ్ చట్టంలో 50 శాతం పరిమితి తీసేస్తూ ఆర్డినెన్స్ అంది, అదీ ఢిల్లీ బాట పట్టింది. ఆగస్టులో జంతర్‌మంతర్‌లో ధర్నా. ఆగస్టు ఆఖర్న మళ్లీ అసెంబ్లీ, మళ్లీ బిల్లు. సెప్టెంబర్ 26న స్థానిక సంస్థల్లో 42 శాతం ఇస్తూ జీవో 9. అక్టోబర్ 9న పొద్దున ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చింది, అదే రోజు హైకోర్టు జీవో మీద స్టే ఇచ్చింది. వారానికి సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది.

రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదన్న సంగతి సుప్రీంకోర్టు 1992లో చెప్పింది, స్థానిక సంస్థలకు ప్రత్యేకంగా 2010లో చెప్పింది. ఇది తెలియని వకీలు హైదరాబాద్‌లో గాని ఢిల్లీలో గాని ఉంటాడా? బిల్లు ఎక్కడ ఆగుతుందో పెట్టినవాళ్లకూ తెలుసు, ఆపినవాళ్లకూ తెలుసు. కాంగ్రెస్‌కు ‘మేమిచ్చాం, వాళ్లాపారు’ అనే మాట దొరికింది. బీజేపీకి ‘మేం కాదనలేదు, మీరు సరిగ్గా చేయలేదు’ అనే మాట దొరికింది. బీఆర్ఎస్‌కు ‘ఇదంతా మోసమని ముందే చెప్పాం’ అనే మాట దొరికింది. ఆ పార్టీ అధికారంలో ఉన్నప్పుడు చేసిన 2018 చట్టంలోనే ఈ 50 శాతం గీత ఉందని, అంతకు ముందు 34 శాతమున్న బీసీల వాటా 2019 పంచాయతీ ఎన్నికల్లో 23 దగ్గరికి దిగిందని మాత్రం వాళ్లు ఏ మీటింగులోనూ గుర్తుచేసుకోరు. లేదు అంటే ఓట్లు పోతాయి. చూద్దాం అంటే ఏమీ పోదు. ఖర్చు ఎదుటివాడిది.

ఆ ఎదుటివాడు మా బావ. సెప్టెంబర్ ఆఖరులో వచ్చిన జాబితాలో మా ఊరు బీసీ జనరల్. ఇంకేముంది. గుర్తుంటే ఆ ఏడు దసరా సరిగ్గా గాంధీ జయంతి రోజు పడింది, వైన్సులు బంద్, మాంసం దుకాణాలు బంద్. అయినా సరే ముందురోజే మూడు యాటలు కోయించాడు, డీప్‌ఫ్రిజ్ ఉన్న కూల్‌డ్రింకుల దుకాణమాయన్ని బతిమాలి రాత్రంతా అందులో పెట్టించాడు, తెల్లారి ఇంటింటికీ కిలో చొప్పున సంచులు. థమ్సప్ బాటిళ్ల పక్కన మటన్ సంచులు. ఆ దుకాణంలో కూల్‌డ్రింకులు ఇప్పటికీ అదో రకం వాసనొస్తున్నాయని పిల్లలు కొనడం లేదట, ఆయన నష్టపరిహారం అడుగుతున్నాడు. సరిగ్గా వారానికి స్టే. నవంబర్‌లో 50 శాతం లోపల కొత్త లెక్క వేస్తే బీసీలకు వచ్చింది 42లో సగం కూడా లేదు, మా ఊరు జనరల్ మహిళ అయింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక మా బావ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, తర్వాత నామీద అరిచాడు. చదువుకున్నోనివి, ముందే ఎందుకు చెప్పలేదని.

గవర్నర్ల సంగతికొస్తే ఇది కొత్తదేం కాదు. అప్పుడు బీఆర్ఎస్ సర్కారు, రాజ్‌భవన్‌లో తమిళిసై. పది బిల్లులు పెండింగ్‌లో ఉన్నాయని 2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు పోయింది. వాటిలో ఒక బిల్లు నల్లగొండ వాళ్లకు బాగా దగ్గరిది, చాలామందికి ఆ సంబంధం తట్టలేదనుకుంటా. 2022 సెప్టెంబర్‌లో పాసైన మున్సిపల్ చట్ట సవరణ అది. చైర్మన్ మీద అవిశ్వాసం పెట్టాలంటే మూడేళ్లు కాదు, నాలుగేళ్లు నిండాలి అని. చైర్మన్లు దాదాపు అంతా అధికార పార్టీ వాళ్లే కాబట్టి వాళ్లకు ఇంకో ఏడాది గొడుగు పట్టే బిల్లు, నన్నడిగితే మంచి బిల్లు కాదు. అయితే మంచిది కాదనుకున్న గవర్నర్ ఆ మాట ఒక్క కాగితం మీద రాసి వెంటనే తిప్పి పంపొచ్చు. నెలల తరబడి ఉలుకూ పలుకూ లేదు. 2020 జనవరిలో ఎన్నికైన కౌన్సిళ్లకు 2023 జనవరితో మూడేళ్లు నిండాయి, ఆ నెల నుంచే రాష్ట్రమంతా అవిశ్వాసాలు, క్యాంపులు. కౌన్సిలర్లను బస్సులెక్కించి ఫోన్లు గుంజుకుని రిసార్టుల్లో పెట్టడం. సర్కారు మారాక 2024 జనవరి మొదట్లో నల్లగొండ చైర్మన్ కూడా అవిశ్వాసంలో దిగిపోయారు. అప్పటికి నాలుగేళ్లు నిండడానికి ఇంకా రెండు మూడు వారాలుంది! అంటే ఆ బిల్లు చట్టమై ఉంటే ఆ రోజు ఆ ఓటింగ్ ఉండేదే కాదు. క్లాక్‌టవర్ దగ్గర పటాకులు కాలుస్తుంటే ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇదే లెక్క వేసుకుంటూ కూర్చున్నాను, నా వెనక ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

రాజ్యాంగంలో 200వ అధికరణం గవర్నర్ బిల్లును తిప్పి పంపాలనుకుంటే ‘వీలైనంత త్వరగా’ పంపాలంటుంది. వీలైనంత అంటే ఎంత? మన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ మాటను మర్చిపోవద్దని గుర్తుచేసి ఊరుకుంది. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్‌లో ఇద్దరు జడ్జీల బెంచ్ ఒక నెల, మూడు నెలలు అని గడువులు పెట్టి, ఆగిపోయిన పది బిల్లులకు ఆమోదం వచ్చినట్టే అనేసింది. హమ్మయ్య అనుకున్నాం. నవంబర్ 20న ఐదుగురు జడ్జీలు, రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ, కోర్టులు అట్లా గడువులు పెట్టకూడదు, వచ్చినట్టే అనుకోవడం కుదరదు, కాకపోతే కారణం చెప్పకుండా మరీ సాగదీస్తే ఏదో ఒకటి తేల్చమని చెప్పొచ్చు అన్నారు. అంటే చాయ్‌కి గడువేమీ లేదు, మరీ రాత్రయినా రాకపోతే పోయి పిలుచుకురావచ్చు.

స్పీకర్ల కథ ఇంకా అందంగా ఉంటుంది, ఎందుకంటే ఇందులో పార్టీలు కుర్చీలు మార్చుకుని ఒకరి డైలాగులు ఇంకొకరు చెబుతారు. 2018లో కాంగ్రెస్‌కు 19 మంది గెలిచారు. హుజూర్‌నగర్ ఎమ్మెల్యే ఉత్తమ్‌కుమార్ రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచి రాజీనామా చేయడంతో 18 అయ్యారు. మూడింట రెండొంతుల మంది కలిసి పోతే అది ఫిరాయింపు కాదు, విలీనం. 18లో అదంటే 12. రాజీనామా చేసిన మర్నాడే, 2019 జూన్ 6న, సరిగ్గా 12 మంది టీఆర్ఎస్‌లో విలీనం! నకిరేకల్ ఎమ్మెల్యే, కొల్లాపూర్ ఎమ్మెల్యే ఆ లెక్కలో ఉన్నారు. అప్పుడు ఆలస్యం లేదు చూశారా, ఫైలు పరుగెత్తింది. ఆ ఫైలుకు చాయ్ గుర్తుకే రాలేదు. తిరిగి చూస్తే 2024లో బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు పదిమంది కాంగ్రెస్ వైపు పోయారని ఫిర్యాదులు, గద్వాల ఎమ్మెల్యే మీద కూడా. ఈసారి ఫైలుకు కాళ్లు పడిపోయాయి. 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు మూడు నెలల్లో తేల్చమని చెప్పాల్సి వచ్చింది. నాకు ఇందులో పెద్ద వింత ఏమిటంటే, అప్పుడు ప్రజాస్వామ్యం ఖూనీ అని అరిచినవాళ్లు ఇప్పుడు స్పీకర్ విచక్షణ అంటున్నారు, అప్పుడు విచక్షణ అన్నవాళ్లు ఇప్పుడు ఖూనీ అంటున్నారు, ఒక్కరికీ నవ్వు రావడం లేదు. ఎవరి హయాంలో ఎవరిని తిట్టాలో రాసిపెట్టుకున్న కాగితం ఒకటే, పేర్ల దగ్గర ఖాళీలు.

ఇంత రాశాక నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. మనం కూడా చప్పట్లు కొట్టాం. తెలంగాణ ఉద్యమంలో పార్లమెంటు నడవనీయకపోతే మనవాళ్లను పులులన్నాం. 2012 ఏప్రిల్‌లో తెలంగాణ కాంగ్రెస్ ఎంపీలు ఎనిమిది మందిని లోక్‌సభ నుంచి సస్పెండ్ చేస్తే, అందులో నల్లగొండ ఎంపీ కూడా ఉన్నాడని మా ఆఫీసులో స్వీట్లు పంచారు, నేను రెండు మైసూర్‌పాక్‌లు తిన్నాను. రెండేళ్లు తిరిగేసరికి అవతలివాళ్లు అదే పని చేశారు. రాష్ట్ర విభజన ముసాయిదా బిల్లు 2013 డిసెంబర్‌లో ఉమ్మడి అసెంబ్లీకొచ్చింది, అభిప్రాయం చెప్పడానికి జనవరి 23 దాకా గడువు. రోజూ సభ మొదలు, నినాదాలు, చించిన కాగితాలు, వాయిదా. గడువు చాలదని ఇంకో వారం తెచ్చుకున్నారు. 9,000కు పైగా సవరణలు ఇచ్చారు, బిల్లు బాగుపడాలని కాదు, జనవరి దాటాలని. ఆఖరి రోజు, 30న, మూజువాణి ఓటుతో తిప్పికొట్టారు. రాష్ట్ర విభజనకు అసెంబ్లీ అభిప్రాయం అడగాలి గాని ఒప్పుకోవాలని లేదు కాబట్టి బిల్లు ఆగలేదు. ఫిబ్రవరి 13న లోక్‌సభలో మిరియాల స్ప్రే. మహబూబ్‌నగర్ ఎంపీ అప్పుడు కేసీఆరే, పాలమూరులో మా మేనత్త ఇంట్లో టీవీ ముందు పదిహేను మందిమి, స్ప్రే చూసి ఇక్కడ మా మేనత్తకు దగ్గొచ్చింది. 18న బిల్లు పాసయ్యేటప్పుడు లోక్‌సభ లైవ్ ఆగిపోయింది, తెరమీద ఏమీ లేదు, మేం ఆ ఖాళీ తెరనే చూస్తూ కూర్చున్నాం. అప్పుడు ఆలస్యం చేసేవాళ్లంటే ఒళ్లు మండిపోయింది నాకు. నా మైసూర్‌పాక్ గుర్తుకు రాలేదు.

అయినా ఆ రెండు వైపులా వాళ్ల మీద ఇప్పుడు నాకు అంత కోపం లేదు, స్ప్రే కొట్టినాయన్ని వదిలేస్తే. ఎందుకంటే వాళ్లు ముఖం చూపించారు. నేనే ఆపుతున్నా, ఇందుకు ఆపుతున్నా అని కెమెరా ముందు నిలబడ్డారు, సస్పెండ్ అయ్యారు, మళ్లీ ఓటర్ల దగ్గరికి పోయారు, కొందరు ఆ దెబ్బకు రాజకీయమే మానేశారు. సంఖ్య లేనివాడికి అంతకంటే ఏముంటుంది చేతిలో? మెజారిటీ ఉన్నవాడు పొద్దున పెట్టి మధ్యాహ్నం పాస్ చేసుకునే రోజుల్లో, ఒకడు అడ్డం పడి ‘ఆగు, ఇది చదివావా’ అనడం తప్పు కాదు. ముఖం దాచుకునే ఆలస్యంతోనే నా పేచీ. ఫైలు పరిశీలనలో ఉంది, న్యాయసలహా అడిగాం, కమిటీ వేశాం. ఎవరు పరిశీలిస్తున్నారు? సలహా ఎవరిది? మా నాయినైనా నయం, తువ్వాల దులుపుకుని అందరి ముందు లేచాడు.

అమెరికా సెనేట్‌లో దీనికి పెద్ద పేరే ఉంది, ఫిలిబస్టర్. మన దగ్గర బీఏసీ, అంటే సభ పనివేళలు ఖరారు చేసే కమిటీ, కూర్చుని పార్టీకి ఇన్ని నిమిషాలని పంచుతుంది, అయిపోగానే మైక్ కట్. అక్కడ సభ్యుడు లేస్తే మాట్లాడినంతసేపు మాట్లాడొచ్చు, ఆపాలంటే వందలో 60 మంది ఒప్పుకోవాలి. 1957లో స్ట్రామ్ థర్మండ్ అనే సెనేటర్ నల్లజాతివాళ్ల ఓటు హక్కు బిల్లును ఆపడానికి 24 గంటల 18 నిమిషాలు ఏకబిగిన మాట్లాడాడు. దుర్మార్గమైన పని, బిల్లు ఎట్లాగూ పాసైంది. కాని ఆ దుర్మార్గానికి ఒక పేరుంది, ఒక ముఖముంది, నొప్పెట్టిన ఒక జత కాళ్లున్నాయి, ఇన్నేళ్ల తర్వాత దేవరకొండవాడు కూడా తిట్టగలుగుతున్నాడు. 2025లో కోరీ బుకర్ అనే నల్లజాతి సెనేటర్ 25 గంటల 5 నిమిషాలు మాట్లాడి ఆ రికార్డు కొట్టాడు, అది ఏ బిల్లునూ ఆపడానికి కాదు, ప్రభుత్వం మీద నిరసనకు. అదొక్కటి నాకు నచ్చింది. ఇప్పుడక్కడ కూడా ఎవరూ ఊరికే నిలబడటం లేదట, అడ్డం పడతామని చెప్పి పంపితే చాలు, 60 మంది లేకపోతే బిల్లు పక్కకు పోతుంది. 1970ల్లో పద్ధతి మార్చుకున్నారు, ఒక బిల్లు ఆగినా మిగతా పనులు సాగేటట్టు. పని సాగుతుంది సరే, ఆపేవాడికి కాళ్లనొప్పి పోయింది. నొప్పి పోయాక ఎవడైనా ఎన్నిసార్లయినా ఆపుతాడు.

పక్క రాష్ట్రం సంగతి కూడా ఒక్క ముక్క. 2020 జనవరి 22న ఆంధ్ర శాసనమండలి చైర్మన్ మూడు రాజధానుల బిల్లులను తన విచక్షణ కింద సెలెక్ట్ కమిటీకి పంపారు. ఐదు రోజులకే అసెంబ్లీ అసలు మండలినే రద్దు చేయాలని తీర్మానం చేసింది. చాయ్‌కి పోయినవాళ్లు తిరిగొచ్చేలోపు ఆఫీసే కూలగొడతామన్నట్టు! ఆ రద్దు తీర్మానం కూడా ఢిల్లీలో పెండింగ్‌లో పడింది, తర్వాత వాళ్లే వెనక్కు తీసుకున్నారు. మండలి ఉంది, బిల్లులు పోయాయి.

మా ఊరి సంగతి సగంలో వదిలేశాను. జనరల్ మహిళ అనగానే మా బావ మూడు రోజుల మౌనం అయ్యాక మా అక్క దగ్గర కూర్చుని “నువ్వు నిలవడు, మిగతాది నేను చూసుకుంట” అన్నాడు. మా అక్క బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తకుండానే, “నువ్వే చూసుకునేదుంటే నా ఫొటో ఎందుకు, నువ్వే చీర కట్టుకో” అంది. నేను నవ్వు ఆపుకోలేక బయటికొచ్చాను. తర్వాత ఆమెను అడిగాను, నిజంగానే నిలబడొచ్చు కదక్కా, చట్టసభల్లో కూడా మహిళలకు మూడోవంతు వస్తోంది అని. ఎప్పట్నుంచి అంది. 1996లో మొదటిసారి లోక్‌సభలో పెట్టారు, 1998లో ఒకాయన సభలో కాగితాలు గుంజుకున్నాడు, 2010లో రాజ్యసభలో పాసై లోక్‌సభలో మురిగిపోయింది, 2023 సెప్టెంబర్‌లో అందరూ కలిసి పాస్ చేశారు, ఇద్దరే వద్దన్నారు, అది అమలు కావాలంటే ముందు జనాభా లెక్కలు కావాలి, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన కావాలి అని చెప్పుకుంటూ పోయాను. మా అక్క చేటలో బియ్యం ఒకసారి చెరిగి, “అంటే ఆళ్లు గూడ మీ బావ లెక్కనే, ఇస్త అంటరు, ఎన్నడో చెప్పరు” అంది.

అక్క నిలబడలేదు. చెరువుకట్ట వాడ ఆమె గెలిచింది, మహిళా సంఘంలో పదేళ్లు లెక్కలు రాసిన మనిషి. మా బావ ఊరికే ఉండలేక వార్డు మెంబరుగా వేసి గెలిచాడు, 31 ఓట్లతో, మూడు యాటల ఖర్చుకు.

పాలకవర్గం కొత్త ఏడాదిలో పెట్టిన మీటింగుల్లో ఒకదానికి అజెండాలో రెండో అంశం సీసీ రోడ్డు. చెరువుకట్ట వాడకు. నిజంగా, నేను కల్పించి రాయడం లేదు. సర్పంచ్ వైపు ఒకరు ఎక్కువున్నారు. మా బావ తన పక్కనున్న ఇద్దరికీ కన్నుగీటి, లేచి, “జెర చాయ్ తాగొస్తం సర్పంచమ్మా” అన్నాడట. ఆమె రిజిస్టర్ లోంచి తల ఎత్తలేదట. “కూసో అన్నా, చాయ్ ఈడికే తెప్పిచ్చిన” అంది. బల్ల కింద నుంచి రెండు లీటర్ల స్టీలు ఫ్లాస్క్, పేపరు కప్పుల దొంతర పైకొచ్చాయి. తలుపు దగ్గర ఉన్న అటెండర్ అందరికీ పోశాడు. బావ నిలబడే తాగాడట, చేతులెత్తడం అయిపోయేసరికి ఇంకా సగం కప్పు ఉంది.

ఆ రాత్రి ఫోన్ చేసి గంటసేపు ఆమెను తిట్టాడు, చాయ్‌లో చక్కెర ఎక్కువైందని కూడా తిట్టాడు. ఆ ఆదివారం ఊరికి పోయినప్పుడు మా నాయినకు ఇదంతా చెప్పాను. ఈమధ్య ఆయనకు చెవులు సరిగ్గా వినపడవు, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మంచం మీద ఒత్తిగిలి పడుకుని చాలాసేపు ఆలోచించి అడిగాడు.

“మిర్చీలు గూడ తెప్పిచ్చిందా?”